సిలువ కింది శతాధిపతి: కొన్ని విశేషాలు

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి కొలిమిగుండ్ల, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు చర్చిల్లో కూర్చున్నవాళ్ళు మూడింటి దాకా లేవరు. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటుంది. లోపల ఏసుక్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఒకదాని తర్వాత ఒకటిగా ధ్యానిస్తారు. మాటకొక ప్రసంగం, నడుమ ఒక పాట. ఏడో మాట కాగానే ఆశీర్వాదం చెప్పించుకుని ఇళ్ళకు బయలుదేరతారు. అయితే ఆ ఏడో మాట ముగిసిన క్షణాల్లోనే, అదే చోట, ఇంకో మనిషి నోరు తెరిచాడు. అతను శిష్యుడు కాడు, బంధువు కాడు. ఆ మరణశిక్షను దగ్గరుండి అమలు చేయించిన రోమా సైన్యపు శతాధిపతి. సువార్తల్లో అతనికి దక్కింది ఒకే ఒక్క వాక్యం, పేరైనా రాయలేదు. ఆ ఒక్క వాక్యం చుట్టూ పోగుపడిన విశేషాలు మాత్రం ఎన్నో. వాటిలో మన నాపరాళ్ళ సీమకు తగిలేవీ ఉన్నాయి.

వంద పేరుకే

శతాధిపతి అంటే వందమందికి అధిపతి. కానీ రోమా సైన్యంలో అతని కింద సాధారణంగా ఉండేది దాదాపు 80 మంది. సైన్యానికి వెన్నెముక ఈ అధికారులే. సేనాధిపతులు రోము నుంచి వస్తారు, పోతారు. సైనికులతో తిని, సైనికులతో నడిచి, వాళ్ళను కొట్టి, తిట్టి, నిలబెట్టేది శతాధిపతి. అతని హోదాకు గుర్తు చేతిలోని ద్రాక్షకర్ర. అది దెబ్బలకే. క్రీస్తు శకం 14లో తిరుగుబాటు చేసిన సైనికుల చేతిలో చచ్చిన లూసిలియస్ అనే శతాధిపతి గురించి రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సిపాయిల వీపు మీద కర్ర విరిగితే 'ఇంకోటి తే' అని కేకేసేవాడట. ఆ కేకే అతనికి మారుపేరైంది.

ఏసును సిలువ వేసిన గొల్గొతాలో నిలబడ్డ మనిషి కూడా అలాంటి బడిలో తయారైనవాడేనని గుర్తుంచుకోవాలి. కన్నీళ్ళు చూసి కరిగిపోయేవాడికి ఆ ద్రాక్షకర్ర చేతికి రాదు.

అసలు రోము నుంచి వచ్చినవాడేనా?

బహుశా కాదు. పొంతి పిలాతు క్రీస్తు శకం 26 నుంచి 36 దాకా యూదయను పాలించాడు. ఆ రోజుల్లో అతని చేతి కింద పూర్తిస్థాయి రోమా సేనలు లేవు. అవి ఉత్తరాన సిరియాలో ఉండేవి. యూదయలో ఉన్నవి సహాయక దళాలు. వాటిలో ఎక్కువమంది కైసరయ, సెబస్తె పట్టణాల వాళ్ళేనని యూదు చరిత్రకారుడు జోసీఫస్ మాటల వల్ల తెలుస్తుంది. అంటే ఇరుగుపొరుగు నుంచి జీతానికి చేరినవాళ్ళు, యూదులంటే పడనివాళ్ళు. మన శతాధిపతి కూడా అలాంటి దళంలోవాడై ఉండవచ్చు.

పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలోనే దొరికింది. పాత నాటకశాలలో ఎవరో దాన్ని మెట్టుగా వాడేశారు. శిక్ష విధించిన అధికారి పేరు అలా రాతి మీద మిగిలింది.

కోవెలకుంట్లలో కూడా

రోమా వాళ్ళు సిలువను ఊరి బయట, దారి పక్కన, పదిమందికీ కనపడేలా నిలబెట్టేవారు. ఖైదీ నేరం పలక మీద రాసి తగిలించేవారు. చచ్చేవాడి బాధ కంటే చూసేవాళ్ళ భయమే పాలకులకు ముఖ్యం. సిలువ శిక్ష బానిసలకు, తిరుగుబాటుదారులకు. రోమా పౌరుడికి దాదాపు ఎప్పుడూ వేసేవారు కారు.

ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. 1847 ఫిబ్రవరి 22న, తమ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీ వాళ్ళు కోవెలకుంట్లలో జనం కళ్ళెదుటే ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. 30 ఏళ్ళ పాటు ఆ దారిన సంతకు పోయిన ప్రతి రైతూ, ప్రతి పిల్లవాడూ తల ఎత్తితే అది కనపడేది. రాజ్యం భయాన్ని ఎలా కాపాడుకుంటుందో కొలిమిగుండ్ల వాళ్ళకు పుస్తకం చూసి నేర్చుకోవలసిన పని లేదు. గొల్గొతాలో శతాధిపతికి అప్పజెప్పిన పనీ అదే. జనాన్ని భయపెట్టడానికి వెళ్ళినవాడు ఆ సాయంత్రానికి తానే మారిపోయి కనపడతాడు.

నలుగురు సిపాయిలు

ఒక్కో ఖైదీకి కాపలా నలుగురు. యోహాను సువార్తలో బట్టలు నాలుగు భాగాలు చేసుకున్నారని ఉంది, అక్కడే లెక్క తెలిసిపోతుంది. చనిపోయేవాడి బట్టలు శిక్ష అమలు చేసినవాళ్ళకే దక్కుతాయి. కుట్టు లేకుండా నేసిన లోపలి అంగీని మాత్రం చింపడం ఇష్టం లేక చీట్లు వేసుకున్నారు. ఆ చీట్ల ఆట సాగుతున్నది శతాధిపతి ఎదుటే.

మేకు దిగిన ఎముక

రోమా వాళ్ళు వేలాదిమందిని సిలువ వేశారు. అయినా తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అందరికంటే పేరుమోసింది 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో దొరికిన మడమ ఎముక. ఇనుప మేకు ఇంకా దానిలోనే ఉంది. అస్థికలు పెట్టిన రాతి పెట్టె మీద యెహోహనాన్ అని పేరు చెక్కారు. మేకు కొన వంగిపోవడం వల్ల బయటకు రాలేదు. అలాగే పూడ్చారు కాబట్టే మనకు తెలిసింది.

గొల్గొతా ఒక పాత క్వారీ

కొలిమిగుండ్లలో ఈ విశేషం చెబితే చాలామంది తల ఊపుతారు. యెరూషలేములో క్రీస్తు సమాధి ఉందని నమ్మే చోట కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కట్టించిన చర్చి ఉంది. 335లో ప్రతిష్ఠ జరిగింది, తర్వాత కూలింది, మళ్ళీ మళ్ళీ కట్టారు. దాని కింద 20వ శతాబ్దంలో తవ్వి చూస్తే, ఆ స్థలమంతా ఒకప్పుడు సున్నపురాయి తీసిన క్వారీ అని తేలింది. మంచి రాయిని కోసుకుని పోయారు. పగుళ్ళతో, పనికిరాదనుకున్న ఒక బండను మాత్రం వదిలేశారు. అదే గుట్టలా మిగిలింది. సిలువలు నిలిచింది ఆ గుట్ట మీదేనని సంప్రదాయం. దాన్ని పగులుతో సహా ఇప్పటికీ చర్చి లోపల అద్దం వెనక చూపిస్తారు.

మన కొలిమిగుండ్ల నేల కూడా సున్నపురాయే. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవునా నీళ్ళు తొలిచిన సున్నపురాయి. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటి గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ గుహ పరిశోధకులు లోపలికి దిగి కొలతలు తీశారు. ఊరి చుట్టూ ఉన్న నాపరాయి క్వారీల్లో పనిచేసేవాళ్ళకు ఏ బండకు పొర సరిగ్గా లేస్తుందో, ఏది పలక రాకుండా ముక్కలవుతుందో చూపుతోనే తెలుస్తుంది. పనికిరాని రాయిని వదిలేసి పక్కకు జరగడం వాళ్ళ రోజువారీ పని. యెరూషలేము రాళ్ళు కొట్టినవాళ్ళు చేసిందీ ఇదే. కట్టేవాళ్ళు వద్దనుకున్న రాయి మూలరాయి అయిందన్న మాట బైబిల్లో చాలాచోట్ల ఉంది. ఆ మాట వినిపించే సంఘంలో రాళ్ళు కొట్టే చేతులు ఉన్నప్పుడు దాని బరువే వేరు.

పౌర్ణమి నాడు గ్రహణమా?

పన్నెండు నుంచి మూడింటి దాకా చీకటి కమ్మిందని మూడు సువార్తలు చెబుతాయి. అది సూర్యగ్రహణమని చాలామంది అనుకుంటారు. కాదు. యూదుల పస్కా పండుగ పౌర్ణమికి వస్తుంది. సూర్యగ్రహణం అమావాస్యకే పడుతుందని పంచాంగం చూసే మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. పైగా సంపూర్ణ గ్రహణంలో చీకటి కొన్ని నిమిషాలకు మించదు. సువార్తికులు దాన్ని దేవుడి చర్యగానే రాశారు.

ఏం చూసి నమ్మాడు?

ఇక్కడ కాస్త ఆగాలి. మూడు సువార్తలు మూడు రకాలుగా చెబుతాయి.

మత్తయి ప్రకారం భూమి అదిరింది, బండలు బద్దలయ్యాయి, సమాధులు తెరుచుకున్నాయి. అది చూసి శతాధిపతీ, అతనితో ఉన్న సైనికులూ బాగా భయపడి, ఇతను నిజంగా దేవుని కుమారుడని అన్నారు. అక్కడ నమ్మకం భయంలోంచి పుట్టింది, అదీ ఒక గుంపుకు.

లూకా ప్రకారం శతాధిపతి జరిగింది చూసి దేవుణ్ణి మహిమపరిచాడు, ఈ మనిషి నీతిమంతుడని అన్నాడు. అంటే అధికారి నోటి నుంచి తీర్పు తిరగబడింది. తన రాజ్యం నేరస్థుడని చంపిన మనిషి నిర్దోషి అని, ఆ రాజ్యం జీతం తింటున్నవాడే ఒప్పుకున్నాడు. చుట్టూ ఉన్న జనం గుండెలు బాదుకుంటూ వెనక్కు పోయారు.

మార్కు దగ్గర మాత్రం భూకంపం లేదు. శతాధిపతి ఆయనకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన ప్రాణం విడిచిన తీరు చూశాడు. అంతే, నమ్మాడు. అద్భుతం చూసి నమ్మాడని మార్కు చెప్పడు. సిలువ మీది మనిషి కిందికి దిగి రాలేదు. దిగి వస్తే నమ్ముతామని యాజకులు అప్పటిదాకా ఎగతాళి చేస్తూనే ఉన్నారు. దిగి రాకపోవడం చూసి నమ్మినవాడు ఈ ఒక్కడే.

నాకు మార్కు చెప్పిందే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే ఇంకో సంగతి ఉంది. మార్కు సువార్తలో ఏసును దేవుని కుమారుడని ఆకాశం నుంచి వచ్చిన స్వరం చెప్పింది, దయ్యాలు చెప్పాయి. మనుషుల్లో ఎవరూ చెప్పలేదు. పేతురు కూడా క్రీస్తువని అన్నాడే గానీ ఆ మాట అనలేదు. ప్రధాన యాజకుడు అడిగాడు, అదీ ఉరి బిగించడానికి వేసిన ప్రశ్న. పుస్తకం చివరికొచ్చాక ఆ మాటను నమ్మి పలికిన తొలి మనిషి ఈ అన్యుడు. అదీ ఏసు చనిపోయాక.

శతాధిపతి వెటకారంగా అన్నాడని, ఇలా చచ్చినవాడా దేవుని కుమారుడు అన్నట్టు చదవాలని కొందరు పండితులు వాదిస్తారు. ఆ వాదనకు కొంత బలం లేకపోలేదు, ఆ రోజు కొండ మీద అందరూ ఎగతాళే చేశారు. కానీ ఎగతాళి చేసేవాడు ఎదురుగా నిలబడి చివరి శ్వాస దాకా గమనించడు. మత్తయి, లూకా ఇద్దరూ దాన్ని నిజమైన ఒప్పుకోలుగానే విన్నారు. తొలి తరం పాఠకులు ఎలా విన్నారో చెప్పడానికి ఆ ఇద్దరికంటే దగ్గరి సాక్షులు లేరు.

పిలాతు పిలిపించాడు

చాలామంది గమనించని చిన్న సంగతి. సిలువ శిక్ష పడ్డవాడు ఒక్కోసారి రెండు మూడు రోజులు ప్రాణంతో ఉండేవాడు. అరిమతయి యోసేపు వచ్చి దేహం అడిగితే, అప్పుడే చనిపోయాడా అని పిలాతు ఆశ్చర్యపోయాడు. శతాధిపతిని పిలిపించి అడిగాడు. అతను అవునన్నాకే దేహం ఇచ్చారు. అంటే దేవుని కుమారుడని ఒప్పుకున్న మనిషే ఆ సాయంత్రం అధికారికంగా ఆ మరణాన్ని ధ్రువీకరించాడు. సమాధికి దేహం చేరడానికి అతని మాట కావాల్సి వచ్చింది. ఈ సంగతి మార్కు సువార్తలో తప్ప ఇంకెక్కడా లేదు.

పక్క సిలువ మీద

బాధ చూసి మారినవాడు ఆ కొండ మీద ఇంకొకడున్నాడు. మత్తయి, మార్కు చెప్పేదాని ప్రకారం ఇద్దరు దొంగలూ మొదట నిందించినవాళ్ళే. లూకాలో ఒకడు మాత్రం రెండోవాణ్ణి మందలించి, తనను జ్ఞాపకం చేసుకోమని వేడుకున్నాడు. అతనిది చూసేవాడి బాధ కాదు, అదే బాధను తానూ పడుతున్నవాడి చూపు. తర్వాతి కాలపు 'నికొదేము సువార్త' అనే గ్రంథం అతనికి దిస్మస్ అని పేరు పెట్టింది. రోమను కాథలిక్కులు మార్చి 25న అతన్ని తలుచుకుంటారు.

వెట్టికి దొరికిన సీమోను

మూడోవాడు కురేనీయుడైన సీమోను. కురేనే ఇప్పటి లిబియాలో ఉంది. పల్లె నుంచి వస్తున్నవాణ్ణి సైనికులు పట్టుకుని సిలువ మోయించారు. ఎవరినైనా నిలబెట్టి సామాను మోయించే హక్కు రోమా సైనికులకు ఉండేది. మన తాతల కాలంలో దొరలూ, సర్కారు ఉద్యోగులూ ఊళ్ళకు వస్తే చేయించిన వెట్టి ఇలాంటిదే. మోసిన సిలువ కూడా బహుశా అడ్డదూలమే. నిలువు కొయ్య శిక్ష వేసే చోటే పాతి ఉండేది.

సీమోను నమ్మాడని సువార్తలు చెప్పవు. కానీ మార్కు ఒక చిన్న గుర్తు వదిలాడు. ఇతను అలెక్సంద్రుకు, రూఫుకు తండ్రి అని రాశాడు. ఎవరి పిల్లల పేర్లు చెబితే పాఠకులకు ఫలానా అని తెలుస్తుందో, వాళ్ళ పేర్లే రాస్తాం. అంటే ఆ పిల్లలు సంఘానికి తెలిసినవాళ్ళు. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో పౌలు రూఫు అనేవాడికీ, అతని తల్లికీ వందనాలు చెబుతూ, ఆమె తనకూ తల్లేనన్నాడు. ఆ రూఫూ ఈ రూఫూ ఒకడేనని చాలామంది నమ్ముతారు. అంతియొకయలో గ్రీకులకు మొదట సువార్త చెప్పినవాళ్ళలో కురేనే వాళ్ళున్నారని అపొస్తలుల కార్యాలు చెబుతాయి.

1941లో యెరూషలేము పక్కన కిద్రోను లోయలో ఎలియాజర్ సుకెనిక్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఒక సమాధి గుహ తవ్వాడు. అందులో ఒక అస్థికల పెట్టె మీద సీమోను కొడుకు అలెక్సంద్రు అని రాసి ఉంది. కురేనేకు చెందినవాడని చదవదగ్గ మాట కూడా ఉంది. అది ఈ కుటుంబానిదేనా అన్న చర్చ తేలలేదు. సీమోను, అలెక్సంద్రు రెండూ ఆ రోజుల్లో వాడుకలో ఉన్న పేర్లే.

కాథలిక్కుల పద్నాలుగు స్థలాల సిలువ మార్గంలో ఐదో స్థలం సీమోనుది. శతాధిపతికి స్థలం లేదు.

పేరు ఎలా వచ్చింది?

లొంగినస్ అన్న పేరు బైబిల్లో లేదు. ఏసు పక్కలో ఈటెతో పొడిచిన సైనికుడికి 'నికొదేము సువార్త' పెట్టిన పేరది. 586లో సిరియక్ భాషలో రాసిన రబ్బూలా సువార్తల ప్రతిలో సిలువ బొమ్మ ఉంది, ఈటె పట్టిన సైనికుడి తల పైన ఆ పేరు రాసి ఉంది. కాలక్రమేణా జనం ఈటె సైనికుణ్ణీ, శతాధిపతినీ కలిపేసి ఒకే మనిషిని చేశారు. యోహాను సువార్త మాత్రం పొడిచింది సైనికుల్లో ఒకడని అంటుంది, శతాధిపతి అనదు. ఇద్దరినీ వేరుగా చూడటమే సరైనది. 'పేతురు సువార్త' అనే మరో పాత గ్రంథంలో సమాధి కాపలా శతాధిపతికి పెట్రోనియస్ అని పేరుంది.

సంప్రదాయం ప్రకారం లొంగినస్ సైన్యం వదిలి కప్పదొకియలో సువార్త చెబుతూ తల నరికించుకున్నాడు. తూర్పు సంఘాలు అక్టోబర్ 16న అతని పండుగ చేస్తాయి.

ఆ ఈటె మాదంటే మాదని చెప్పే చోట్లు చాలా ఉన్నాయి. వాటికన్‌లో ఒకటి, వియన్నాలో ఒకటి, ఆర్మేనియాలోని ఎచ్మియాద్జిన్‌లో ఒకటి. వాటికన్‌లోని ముక్కను తురుష్క సుల్తాను రెండో బయెజీద్ 1492లో పోపుకు కానుకగా పంపాడు. సెయింట్ పీటర్స్ చర్చిలో గోపురం కింద బెర్నినీ చెక్కిన లొంగినస్ విగ్రహం ఉంది. 1638లో పూర్తయింది, మనిషికి రెండు రెట్లు మించిన ఎత్తు. రెండు చేతులూ బారచాపి పైకి చూస్తుంటాడు.

ఫిలిప్పీన్స్‌లోని మరిందుకె దీవిలో పవిత్ర వారమంతా మోరియోనెస్ ఉత్సవం జరుగుతుంది. జనం రోమా సైనికుల ముసుగులు వేసుకుని వీధుల్లో తిరుగుతారు. లొంగినస్‌కు ఒక కన్ను కనపడేది కాదని, ఏసు రక్తం చుక్క పడి చూపు వచ్చిందని అక్కడి కథ. అతన్ని వెంటాడి పట్టుకుని తల నరికే ఘట్టం ఆడతారు. వేషాలు కట్టి కథ ఆడటం తెలిసిన మన ఊళ్ళకు ఈ ఉత్సవం వింతగా అనిపించదు.

బొమ్మలో జర్మన్ కవచం

లూకాస్ క్రనాక్ అనే జర్మన్ చిత్రకారుడు 1530లలో ఈ శతాధిపతిని పదేపదే గీశాడు. మూడు సిలువలు, కింద గుర్రం మీద ఒక్క మనిషి, అంతే. యాజకులు లేరు, జనం లేరు. కవచం రోమాది కాదు, చిత్రకారుడి కాలంలో జర్మన్ యోధులు తొడిగేది. అతని మాటలను బొమ్మ మీదే రాశాడు. 1536 నాటి చిత్రం వాషింగ్టన్‌లో ఉంది.

తెలుగులో మొదట అచ్చయిన సువార్తలు

ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీ విశాఖపట్నంలో ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చాడు. 1810లో ఆయన చనిపోయాక, 1812లో శ్రీరాంపూరులో మత్తయి, మార్కు, లూకా అచ్చయ్యాయి. శతాధిపతి ఒప్పుకోలు ఉన్నవి సరిగ్గా ఆ మూడే, యోహానులో అది లేదు. ఆ అచ్చు పుస్తకం చేతికి అందిన తెలుగువాడు ఏ సువార్త తెరిచినా సిలువ కింద ఈ మనిషి ఎదురయ్యాడు.

గుర్రం జాషువా రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాలో విజయచందర్ ఏసుగా నటించాడు. ఎ. భీమ్‌సింగ్ దర్శకుడు. ఆ సినిమాను పల్లె పల్లెలో తెర కట్టి చూపించారు. చదువు రాని ముసలివాళ్ళు చాలామంది సిలువ కథను కళ్ళతో చూసింది ఆ తెర మీదే.

మూడు గంటల ఆరాధన ఎక్కడిది?

మన పల్లెల్లో పన్నెండు నుంచి మూడు దాకా జరిగే ఆరాధన యెరూషలేము నుంచో, లండన్ నుంచో పుట్టింది కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు లీమా నగరంలో అలోన్సో మెస్సియా అనే జెసూట్ గురువు దాన్ని మొదలుపెట్టాడు. 1687లో లీమాను పెద్ద భూకంపం కూల్చింది. ఆ తర్వాత జనంతో కలిసి ఏడు మాటలను ధ్యానించడం అలవాటైంది. అక్కడి నుంచి ఐరోపాకు, తర్వాత ప్రొటెస్టంట్ సంఘాలకు, చివరికి మన సీమకు వచ్చింది. బాధ పడుతున్న ఊరు కనిపెట్టిన ఆరాధన అది.

నంద్యాలలో సిలువ పేరున

నంద్యాల సి.ఎస్.ఐ. కేథడ్రల్ పేరు హోలీ క్రాస్. ఈ ప్రాంతంలో ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషన్ పని 19వ శతాబ్దంలో ఆళ్ళగడ్డ వైపున్న ముత్యాలపాడు లాంటి పల్లెల్లో వేళ్ళూనుకుంది. నంద్యాల ఎస్.పి.జి. హైస్కూలు దాని గుర్తే. జమ్మలమడుగులో కాంప్‌బెల్ ఆసుపత్రి లండన్ మిషన్ వారు పెట్టింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతం అందులో చేరలేదు. 1963లో వేరే డయాసిస్ అయింది, 1975లో గానీ సి.ఎస్.ఐ.లో కలవలేదు.

ధాత కరువు

బాధలోంచి పుట్టిన నమ్మకాన్ని ఎలా చూడాలన్న ప్రశ్న మన నేల మీదా వచ్చింది. 1876 నుంచి 78 దాకా సాగిన ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను పీల్చేసింది. అదే కరువులో ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని పస్తులున్నవాళ్ళకు కూలి పని ఇచ్చాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం సాగినంత కాలం ఆయన ఇవ్వనన్నాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ లెక్క చాలామందికి తెలుసు. క్లౌ ఆపి ఉంచిన ఆ నెలలు నాకు ఆ లెక్క కంటే పెద్దవిగా కనపడతాయి. ఆకలితో ఉన్నవాడి నమ్మకాన్ని అనుమానించకుండా, అలాగని వాడుకోకుండా కాపాడటం సులువు కాదు.

వేలూరికి పోయే బండి

రాయలసీమలో జబ్బు ముదిరితే ఇప్పటికీ వేలూరు పోదామంటారు. ఆ వేలూరు ఆసుపత్రి వెనక కూడా సిలువ కింది కథ లాంటిదే ఉంది. 1870లో పుట్టిన ఐడా స్కడర్ మిషనరీల బిడ్డ. ఇండియాలో ఉండకూడదనే అనుకుంది. 1890లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పురుటి నొప్పులు పడుతున్న తమ భార్యలను చూడమని ఆమెను అడిగారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి మగవాడని వాళ్ళు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్ళి 1899లో కార్నెల్‌లో వైద్యం పూర్తిచేసి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. అదే ఇవాళ్టి సి.ఎం.సి.

శతాధిపతి మారాక ఏం చేశాడో సువార్తలు చెప్పవు. ఐడా ఏం చేసిందో మన ఊళ్ళ నుంచి వేలూరికి పోయివచ్చిన ప్రతి ఇల్లూ చెబుతుంది.

మిగతా శతాధిపతులు

కొత్త నిబంధనలో రోమా శతాధిపతులు ఇంకా కనపడతారు. దాసుడి కోసం ఏసు దగ్గరికి మనుషులను పంపిన కపెర్నహూము శతాధిపతి, పేతురును ఇంటికి పిలిచిన కైసరయ కొర్నేలీ, పౌలును ఓడ మీద రోముకు తీసుకుపోతూ, ఖైదీలను చంపేయబోయిన సైనికులను ఆపిన యూలి. దాదాపు అందరూ మంచిపేరుతోనే ఉన్నారు. వాళ్ళకు ఎంతో కొంత వినయమో, భక్తో, దయో ముందే ఉన్నట్టు రాశారు. సిలువ కింది మనిషికి ముందు కథ ఏమీ లేదు, ఆ మధ్యాహ్నం తప్ప.

ఈసారి శుభ శుక్రవారం ఏడో మాట ప్రసంగం అయ్యాక ఆశీర్వాదానికి తొందరపడకండి. మార్కు సువార్త 15వ అధ్యాయం తెరిచి 38వ వచనం నుంచి చివరి దాకా చదివించండి. పదే పది వచనాలు, రెండు నిమిషాల పని. శతాధిపతి మాట, దూరం నుంచి చూసిన స్త్రీలు, పిలాతు ప్రశ్న, యోసేపు కొన్న నారబట్ట అన్నీ అక్కడే ఉన్నాయి. చదివే పని పిల్లలకు ఇవ్వండి.